హెచ్‌సీవీ, ఏఎన్‌ఏ రెండూ పాజిటివ్ వచ్చాయా? ముందు వైరస్ సంగతి తేల్చండి

గల్ఫ్ మెడికల్‌కో, కంటి ఆపరేషన్‌కో రక్తమిస్తే ‘యాంటీ హెచ్‌సీవీ రియాక్టివ్’ అని వస్తుంది. ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) కూడా ఎక్కువుందని డాక్టర్ ఇంకో నాలుగు పరీక్షలు రాస్తే ఏఎన్‌ఏ (సొంత కణాల మీదే ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీ) కూడా పాజిటివ్. మొదటిది హెపటైటిస్ సీ వైరస్ (హెచ్‌సీవీ) జబ్బు. రెండోది ఒంటి రక్షణ వ్యవస్థే లివర్ మీద తిరగబడే జబ్బేమో (ఆటోఇమ్యూన్ హెపటైటిస్) అన్న అనుమానం. స్టెరాయిడ్ రెండోదానికి మందు, మొదటిదానికి ఎరువు. అందుకే తొందరపడి ఏదీ మింగకండి.

యాంటీ హెచ్‌సీవీ ఉంది, ఆర్‌ఎన్‌ఏ లేదు

యాంటీ హెచ్‌సీవీ పరీక్షకి దొరికేది వైరస్ కాదు, దాని మీద ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీ. సోకినవాళ్లలో సుమారు 30 శాతం మందికి ఆరు నెలల్లోపు వైరస్ దానంతటదే పోతుంది, యాంటీబాడీ మిగిలిపోతుంది. ఇంకో కారణం: ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లో ఐజీజీ అనే యాంటీబాడీ ప్రోటీన్ బాగా పెరిగి, ఈ పరీక్ష ఉత్తినే పాజిటివ్ చూపొచ్చు. తొలితరం కిట్లతో ఈ తలనొప్పి మరీ ఎక్కువగా ఉండేది.

హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ చేయించండి, రక్తంలో వైరస్ ఇప్పుడు ఉందో లేదో చెప్పే పరీక్ష అది. ‘నాట్ డిటెక్టెడ్’ అని వస్తే వైరస్ మందులతో పనిలేదు. ఎస్‌జీపీటీ ఎందుకు పెరిగిందో వేరే వెతకాలి.

ఆర్‌ఎన్‌ఏ ఉంది, ఏఎన్‌ఏ 1:40 లేదా 1:80

నేను చూసినంతలో ఎక్కువమంది ఇక్కడే బెంబేలెత్తిపోతారు, నిజానికి భయం తక్కువున్నదీ ఇక్కడే. వైరస్ ఏళ్ల తరబడి రెచ్చగొడుతుంటే ఒళ్లు ఇలాంటి యాంటీబాడీలు కొద్దికొద్దిగా వదులుతుంది, 1:40, 1:80 అంటే ఆ కొద్దే. కొందరిలో ఎల్‌కేఎమ్-1 అనే ఇలాంటిదే ఇంకో యాంటీబాడీ కూడా కనిపిస్తుంది. అది గురిపెట్టే లివర్ ఎంజైమ్ సీవైపీ2డీ6లో ఒక ముక్క వైరస్ ప్రోటీన్‌ని పోలి ఉండడమే దానికి కారణమంటారు.

దీనికి స్టెరాయిడ్ వద్దు, వైరస్‌కే వైద్యం. సోఫోస్‌బువిర్‌తో వెల్పటాస్‌విర్ గానీ డక్లటాస్‌విర్ గానీ, చాలామందికి 12 వారాలు. 95 శాతం పైగా నయమవుతుంది. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ మందులు ఉచితం. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల గ్యాస్ట్రో ఓపీలో అడగండి. మొదలుపెట్టే ముందు హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బీ రక్తపరీక్ష) తప్పనిసరి, హెపటైటిస్ బీ దాగి ఉంటే ఈ మందులతో అది లేచి కూర్చోవచ్చు. పొద్దున్నే పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర గురించీ డాక్టరుకి చెప్పండి, వెల్పటాస్‌విర్‌ని అది ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. గుండెకి అమియోడరోన్ వాడుతుంటే మరీ ముఖ్యంగా చెప్పాలి.

ఆర్‌ఎన్‌ఏ ఉంది, ఎస్‌జీపీటీ వందల్లో, ఐజీజీ బాగా ఎక్కువ

ఇది నిజంగానే రెండు జబ్బులు కలిసిన కేసు కావచ్చు. రక్తంతో తేలదు, బయాప్సీ (లివర్ ముక్క తీసి చూసే పరీక్ష) కావాలి. పోర్టల్ ప్రాంతం (లివర్‌లో రక్తనాళాలు, పిత్తనాళం కలిసి ఉండే చోటు) అంచుల్లో కణాల విధ్వంసం, యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలు గుంపులుగా కనిపిస్తే ఆటోఇమ్యూన్ వైపు మొగ్గు.

హెచ్‌సీవీకి ఇంటర్ఫెరాన్ ఇంజెక్షన్ ఇచ్చిన రోజుల్లో ఇది ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ ఇంజెక్షన్ ఆటోఇమ్యూన్ జబ్బుని రేపేది, స్టెరాయిడ్ వైరస్‌ని పెంచేది. ఇప్పటి మాత్రలతో ఆ చిక్కు లేదు. సాధారణంగా ముందు వైరస్‌ని తీసేసి, ఏం మిగిలిందో చూస్తారు. జబ్బు తీవ్రంగా ఉంటే స్టెరాయిడ్ కూడా జతచేస్తారు. కామెర్లతో పాటు మాట తడబడినా, పొట్ట ఉబ్బినా, నల్ల విరేచనమైనా ఓపీ క్యూలో నిలబడొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

కోర్సు అయింది, వైరస్ పోయింది, ఎస్‌జీపీటీ తగ్గలేదు

ముందు ఇంట్లో వెతకండి. కొవ్వు లివర్, మద్యం అలవాటు, ఆకు పసరు. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ కషాయం తాగినవాళ్లలో అచ్చం ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లా లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. మానేయండి, ‘ఆకే కదా’ అనుకోవద్దు.

అవేవీ కాకపోతే మళ్లీ ఐజీజీ, అవసరమైతే బయాప్సీ. ఆటోఇమ్యూన్ అని తేలితే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, తర్వాత రక్షణ వ్యవస్థని అణిచే అజథయోప్రిన్. రెండో మందుకి ముందు ఎన్‌యూడీటీ15 జన్యు పరీక్ష గురించి అడగండి. అందులో తేడా ఉన్నవాళ్లకి తెల్లరక్తకణాలు ఒక్కసారిగా పడిపోవచ్చు, మనవాళ్లలో అలాంటివాళ్లు తక్కువేం కాదు. మొహం ఉబ్బిందని, షుగర్ పెరిగిందని స్టెరాయిడ్ మీకు మీరే ఆపొద్దు, జబ్బు తిరగబెడుతుంది.

నయమయ్యాక కూడా యాంటీ హెచ్‌సీవీ పాజిటివ్

అది చాలామందిలో జీవితాంతం అలాగే ఉంటుంది. మళ్లీ మళ్లీ చేయించి డబ్బు పోగొట్టుకోవద్దు. కోర్సు ముగిసిన 12 వారాలకి వచ్చిన ఆర్‌ఎన్‌ఏ ‘నాట్ డిటెక్టెడ్’ రిపోర్టుకి రెండు జిరాక్స్‌లు తీసి ఫైల్లో పెట్టుకోండి. రేపు ఏ ఆపరేషన్‌కి ముందైనా చూపించాల్సింది అదే.