లాంటానా పొదను మళ్లీ చిగురించకుండా తీసే పద్ధతి

హైదరాబాద్‌లో కట్టడాల నడుమ మిగిలిన బండల గుట్టల మీద, చెరువు గట్ల వెంట గుత్తులుగా పూసే లాంటానా మన నేల మొక్క కాదు. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి 19వ శతాబ్దం తొలినాళ్లలో అలంకారం కోసం మన దేశానికి తెచ్చిన ఈ మొక్క తోటలు దాటి వచ్చి, తంగేడు, రేగు, బలుసు పెరగవలసిన చోటును కమ్మేసింది. నరికినా, తగలబెట్టినా మొదట్లోంచి మళ్లీ చిగురిస్తుంది కనుక, ఎంతో శ్రమపడి కొట్టేసిన పొద మరుసటి వానాకాలానికి ఇంకా గుబురుగా లేస్తుంది.

పని మొదలుపెట్టే ముందు ఆ స్థలం ఎవరి అధీనంలో ఉందో తెలుసుకుని అనుమతి తీసుకోవాలి. కాసు బ్రహ్మానందరెడ్డి, మృగవని జాతీయ ఉద్యానవనాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా ఏ మొక్కా తీయరాదు. నలుపలకల కాండం, నలిపితే ఘాటైన వాసన వచ్చే గరుకు ఆకులు, ఒకే గుత్తిలో రెండు మూడు రంగుల పూలు ఉన్నాయో లేదో చూసి, లాంటానా అని నిర్ధారించుకోవాలి.

తొలకరి వానలకు నేల మెత్తబడ్డాక, కాయలు పండకముందే పని చేయడం మేలు. పొదలో పక్షి గూడు ఉంటే పిల్లలు ఎగిరిపోయే వరకు దానిని వదిలేయాలి. దట్టమైన గుబురు జోలికి ముందే వెళ్లకుండా, స్థానిక మొక్కలు ఇంకా బాగా ఉన్న అంచు నుంచి లోపలికి రావాలని నా గట్టి అభిప్రాయం. ఖాళీ అయిన చోటును ఆ మొక్కలే త్వరగా అందుకుంటాయి.

మందపాటి చేతి తొడుగులు వేసుకుని, కొడవలితో పై కొమ్మలు కోసి మొదలు కనిపించేలా చేయాలి. చుట్టూ ఉన్న మట్టిని గునపంతో తీస్తే, కాండం వేరుతో కలిసే చోట ముడిలా ఉబ్బిన భాగం బయటపడుతుంది. మళ్లీ చిగుళ్లు వచ్చేది అక్కడి నుంచే. దానికి దిగువన, అంటే నేల మట్టానికి రెండు మూడు అంగుళాల లోతున, తల్లివేరును గొడ్డలితో తెంపి, పొదను ఎత్తి తలకిందులుగా బండ మీద ఆరబెట్టాలి. తడి నేలకు ఆనితే కొమ్మలు కూడా వేళ్లూనుతాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యులు సి.ఆర్. బాబు బృందం ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ అడవుల్లో అనుసరించినది ఈ పద్ధతినే. ఆకులు పశువులకు విషం కాబట్టి కోసిన కొమ్మలను మేత దారిలో వేయకూడదు.

ఖాళీ అయిన నేలలో ముందుగా మొలిచేది తరచుగా వయ్యారిభామే. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది కనుక పూతకు రాకముందే వేరుతో పీకాలి. దాని పుప్పొడి ఉబ్బసాన్ని, ఆకుల స్పర్శ చర్మవ్యాధిని కలిగిస్తాయి కాబట్టి ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

ఆ వానల్లోనే తంగేడు గింజలు చల్లి, రేగు, బలుసు నారు నాటాలి. తరువాత రెండు మూడు వానాకాలాల పాటు, పిగిలిపిట్టలు వాలే చెట్ల కింద లాంటానా మొలకల కోసం తప్పక వెతకాలి: అవి తిన్న లాంటానా పండ్ల గింజలు అక్కడే రాలి మొలుస్తాయి. జానెడు ఎత్తున ఉన్నప్పుడు ఆ మొక్క రెండు వేళ్లతో లాగితే వచ్చేస్తుంది.