ఎల్‌ఎంఎంఎస్‌లో సితార్ మోగకపోతే

సంగీతం తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఎల్‌ఎంఎంఎస్‌లో సౌండ్‌ఫాంట్ (వాయిద్యాల శబ్దాలుండే ఫైల్) లోడ్ చేశారు, కీ నొక్కారు, చప్పుడు లేదు. వెంటనే సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించకండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగంమంది ముందు ఆ పనే చేసి వస్తారు, దాంతో ఒరిగేదేమీ ఉండదు.

కొత్త ట్రాక్‌లో ట్రిపుల్ ఆసిలేటర్ (సౌండ్‌ఫాంట్ అక్కర్లేకుండా తనే శబ్దం పుట్టించే వాయిద్యం) వేసి ఒక నోట్ వాయించండి. అదీ పలకకపోతే తప్పు వాయిద్యానిది కాదు. సెట్టింగ్స్‌లో ఆడియో ఇంటర్‌ఫేస్ 'డమ్మీ' (శబ్దం బయటికి పంపనిది) మీద ఉందేమో చూడండి. ఉంటే మార్చి, ప్రోగ్రామ్ మూసి తెరవండి.

అది పలికి, సౌండ్‌ఫాంట్‌ను మోగించే ఎస్‌ఎఫ్2 ప్లేయర్ ఒక్కటే మూగబోయిందంటే ఫైల్ సంగతి చూడాలి. మామూలుగా సేవ్ చేసిన ప్రాజెక్టులో సౌండ్‌ఫాంట్ ఉండదు, అది ఎక్కడుందో చెప్పే దారి మాత్రమే ఉంటుంది. ఫోల్డర్ పేరు మార్చినా, పెన్‌డ్రైవ్ తీసేసినా అంతే సంగతులు. ఫైల్‌ను మళ్లీ చూపించండి.

మోగుతోంది కానీ వేరే వాయిద్యం వస్తోందా? ఇది నాకిష్టమైన చిక్కు. వాయిద్యాలకు నంబర్లిచ్చే జనరల్ మిడి పట్టికలో సితార్ నంబరు 105. ఆ పట్టిక 1 నుంచి లెక్కపెడుతుంది, ప్లేయర్‌లో ప్యాచ్ (వాయిద్యం నంబరు) 0 నుంచి మొదలవుతుంది. 105 పెడితే బాంజో వస్తుంది! 104 పెట్టండి. షెహనాయ్‌కి 111. బ్యాంక్ (ప్యాచ్‌ల గుంపు) 0లోనే ఉండాలి. 128కి జరిగితే డ్రమ్స్ వైపు వెళ్లిపోతారు.

ఇవన్నీ సరిగ్గా ఉంటే మిక్సర్‌లో ఆ ఛానెల్ మ్యూట్ అయిందేమో చూడండి. లినక్స్‌లోనైతే టెర్మినల్ నుంచి ప్రోగ్రామ్ తెరవండి; ఫైల్ దొరకకపోతే చాలాసార్లు ఆ ముక్క అక్కడే కనిపిస్తుంది.