చిన్న బృందం కలుసుకోవడానికి శ్రీకాకుళం

రాసేవారు, బొమ్మలు గీసేవారు, వీడియోలు కూర్చేవారు ఐదారుగురు తలో ఊరిలో కూర్చుని పనిచేస్తుంటారా? ఏడాదికోసారి కలవడానికి విశాఖ హోటళ్లే వెతకనక్కరలేదు, శ్రీకాకుళం చూడండి. అక్టోబరు, నవంబరు మాత్రం వద్దు. అవి తుపాన్ల నెలలు; 2018లో తిత్లీ ఈ జిల్లాను దెబ్బతీసింది అక్టోబరులోనే. జనవరి, ఫిబ్రవరి హాయిగా ఉంటాయి.

టికెట్లు కొనేముందే అందరికీ చెప్పండి: శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది శ్రీకాకుళంలో కాదు, ఆమదాలవలసలో. రాత్రి దిగేవారికి బండి ముందే మాట్లాడి ఉంచాలి.

వీడియో కాల్‌లో తేలిపోయే పనులను ఇక్కడిదాకా మోసుకురాకండి. ఎదురెదురుగా కూర్చుంటే తప్ప తెగని విషయాలు రెండు చాలు, అవీ పొద్దుటి పూటే. భోజనాలయ్యాక పెట్టే చర్చలో కునుకులే ఎక్కువ.

ఒక మధ్యాహ్నం పొందూరుకు కేటాయించండి. అక్కడ వాలుగ చేప దవడ పళ్లతో పత్తిని దువ్వి శుభ్రం చేస్తారు, ఆ తర్వాతే వడకడం, నేయడం. ఒక పనిముట్టు పనితనాన్ని ఎలా మలుస్తుందో డిజైనర్లకు ఇంతకంటే బాగా చెప్పే ప్రెజెంటేషన్ ఉండదని నా నమ్మకం. అయితే అది వారి జీవనోపాధి, మన వినోదం కాదు. ముందే అడిగి వెళ్లండి, నచ్చిన ఖద్దరు బేరమాడకుండా కొనండి.

ఇంకో సాయంత్రం కళింగపట్నంలో, వంశధార సముద్రంలో కలిసేచోట, ఏ ఎజెండా లేకుండా వదిలేయండి. ఖర్చుల లెక్క ఒక్కరికే అప్పగించండి, అదీ బృంద నాయకుడికి కాకుండా.