మీ స్పీడ్‌వే క్లబ్ నాలుగు కాలాల పాటు నిలవాలంటే

బ్రిటన్‌లో స్పీడ్‌వే (మట్టి ట్రాక్ మీద బైకు పందేలు) చూసేవాళ్లకి ఈ మధ్య ప్రతి సీజన్ చివర్లో ఒకటే టెన్షన్, వచ్చే ఏడాది మన క్లబ్ ఉంటుందా ఉండదా అని. వూల్వర్‌హాంప్టన్‌లో మన్మోర్ గ్రీన్ స్టేడియంలో 1928లో మొదటిసారి బైకులు తిరిగాయి, 2023 సీజన్‌తో ఆగిపోయాయి. స్టేడియం వాళ్లు గ్రేహౌండ్ పందేలు చాలు, స్పీడ్‌వే వద్దనుకున్నారు, అంతే. పీటర్‌బరోకీ అదే ఆఖరి ఏడాది. స్విండన్‌లో 2019 తర్వాత లేదు, కోవెంట్రీ వాళ్ల బ్రాండన్ స్టేడియంలో 2016 తర్వాత లేదు. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమయ్యేది ఏంటంటే, చాలా క్లబ్బులు అద్దెకున్నవే, నేల ఇంకొకరిది. కాబట్టి స్కార్ఫ్ కట్టుకుని గొంతు చించుకోవడం ఒక్కటీ సరిపోదు. మీ డబ్బు, మీ చేతులు, మీ సంతకం ఎక్కడ పడితే క్లబ్‌కి నిజంగా పనికొస్తుందో తెలుసుకుని అక్కడ పెట్టాలి.

ఆట కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. నలుగురు రైడర్లు, నాలుగు ల్యాపులు, 500 సీసీ బైకు, ఒకే గేరు, బ్రేకులు ఉండవు, ఇంధనం మిథనాల్. షేల్ అనే ఎర్రటి పొడి రాతి మట్టి మీద వెనక చక్రం జారుస్తూ మలుపు తిరుగుతారు. ఒక్కో హీట్, అంటే ఒక్కో రేసు, సుమారు నిమిషం. గెలిచినవాడికి 3 పాయింట్లు, తర్వాత 2, 1, ఆఖరువాడికి సున్నా. లీగ్ మ్యాచ్‌లో మామూలుగా 15 హీట్లు.

ముందు డబ్బు ఎటు పోతుందో చూడండి

క్లబ్‌కి ముఖ్యమైన ఆదాయం గేటు దగ్గర టికెట్లే. ఖర్చులు మాత్రం జనం వచ్చినా రాకపోయినా ఉంటాయి: రైడర్లకి పాయింట్ల లెక్కన ఇచ్చేది, అద్దె, ఇన్సూరెన్స్, రిఫరీ, అంబులెన్స్, వైద్య సిబ్బంది. వైద్యులు లేకుండా ఒక్క హీట్ కూడా మొదలు కాదు. రైడర్ పడిపోయి అంబులెన్స్ ఆస్పత్రికి వెళ్లిందంటే రెండోది వచ్చేదాకా అందరూ ఆగాల్సిందే. ఇక సాయంత్రం గేట్లు తీశాక వాన దంచికొట్టి మీటింగ్ (ఆ రోజు జరగాల్సిన రేసులన్నీ) రద్దయితే అప్పటికే సగం ఖర్చు అయిపోయి ఉంటుంది.

అందుకే సీజన్ టికెట్ కొనే స్తోమత ఉంటే చలికాలంలోనే కొనేయండి. ఆట మార్చి ప్రాంతంలో మొదలై అక్టోబర్‌కి అయిపోతుంది, అక్టోబర్ నుంచి మళ్లీ మార్చి దాకా ప్రమోటర్‌కి, అంటే క్లబ్ నడిపే మనిషికి, ఖర్చులే తప్ప రాబడి ఉండదు, పైగా వచ్చే ఏడాది జట్టు కుదుర్చుకునేది కూడా అప్పుడే. అంత ఒకేసారి పెట్టలేకపోతే మ్యాచ్ టికెట్‌ని రెండు మూడు రోజుల ముందు ఆన్‌లైన్‌లో తీసుకోండి. మబ్బు పట్టిందని మధ్యాహ్నమే ప్లాన్ మార్చుకునే అలవాటు క్లబ్బుల్ని బాగా దెబ్బ తీస్తోంది, ఎందుకంటే ఫోన్‌లో చినుకు బొమ్మ కనిపించిన రోజున వాన పడకపోయినా గేటు వెలవెలబోతుంది.

ఇంకోటి, ఇది చాలామంది అడగరు. మీరు లోపల తిన్న బర్గర్, తాగిన బీరు డబ్బు ఎవరికి వెళ్తోంది? అద్దె స్టేడియాల్లో బార్, తిండి స్టేడియం యజమానికి పోయేలా ఒప్పందం ఉండొచ్చు. అలాంటి చోట మీరు అక్కడ ఎంత ఖర్చుపెట్టినా క్లబ్‌కి పైసా రాదు. ప్రోగ్రామ్ (ఆ రోజు రేసుల పుస్తకం), రాఫిల్ (బహుమతి లాటరీ), ట్రాక్ షాప్ ఎవరి ఖాతాలోకి పోతాయో కనుక్కుని దాన్ని బట్టి ఖర్చు పెట్టండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు, ప్రమోటర్లు ఈ ప్రశ్నకి సంతోషంగానే జవాబు చెబుతారు.

కొత్తవాళ్లని తీసుకురావడం, మళ్లీ వచ్చేలా చేయడం

ఒకరిని తీసుకెళ్లడం తేలికే, రెండోసారి వాళ్లంతట వాళ్లు రావాలి. మొదటి మలుపు దగ్గర నిలబెట్టండి, ఆట అంతా అక్కడే తేలిపోతుంది. తెల్ల చొక్కా వేసుకోవద్దని ముందే చెప్పండి, షేల్ ఎగిరొచ్చి జుట్టులో, కాఫీ కప్పులో పడుతుంది. ప్రోగ్రామ్ ఒకటి కొని చేతిలో పెన్ను పెట్టండి. ఇందులో ప్రతి హీట్‌కీ నాలుగు పేర్లు, పక్కన ఖాళీ గళ్లు ఉంటాయి, సొంత జట్టు ఎరుపు, నీలం హెల్మెట్ కవర్లు, వచ్చిన జట్టు తెలుపు, పసుపు. ఎవరు ఎన్నో స్థానంలో వచ్చారో రాసి, కింద రెండు జట్ల మొత్తం కూడుకుంటూ పోవాలి. మూడో హీట్‌కల్లా మీ వాడు మీ లెక్క తప్పని మీకే చెబుతాడు, ఇక వాడు మీ చేతిలో ఉన్నట్టే.

గెస్ట్ రైడర్లు, ఒకే రైడర్ రెండు డివిజన్లలో రెండు జట్లకి ఆడటం, టాక్టికల్ సబ్‌స్టిట్యూట్... ఇవన్నీ మొదటిరోజే విప్పి చెప్పకండి. ఏళ్ల తరబడి చూస్తున్నవాళ్లే వీటి మీద కొట్టుకుంటారు. దానికి బదులు మ్యాచ్ అయ్యాక పిట్స్ (రైడర్లు బైకులు సిద్ధం చేసుకునే చోటు) వైపు తీసుకెళ్లండి. ఇందాక ప్రాణాలకి తెగించి దూసుకెళ్లిన కుర్రాడు ఇప్పుడు ఒంటి నిండా మట్టితో మోకాళ్ల మీద కూర్చుని తన బైకు తనే కడుక్కుంటూ పలకరిస్తే నవ్వుతూ మాట్లాడతాడు. ఫుట్‌బాల్‌లో పెద్ద స్టార్ల దగ్గరికి ఇలా వెళ్లడం కుదరదు కదా.

ఆన్‌లైన్‌లో మీరు రాసేది కూడా కొత్తవాళ్లు చదువుతారని గుర్తుంచుకోండి. ట్రాక్ గుంతలుగా ఉంటే ఉందని చెప్పండి, తప్పేం లేదు, కానీ సీజన్ మొదట్లోనే "ఈ క్లబ్ పని అయిపోయింది" అని రోజుకి నాలుగు పోస్టులు పెడితే అది చదివి టికెట్ కొనేవాడెవడు? మాంచెస్టర్‌లో 2016లో నేషనల్ స్పీడ్‌వే స్టేడియం తెరిచిన మొదటి రాత్రే ట్రాక్ బాగోక మీటింగ్ ఆపేయాల్సి వచ్చింది. ఆ రాత్రి వచ్చినవాళ్లు ఎంత తిట్టుకుని ఉంటారో ఊహించొచ్చు. కానీ 2024లో గ్రేట్ బ్రిటన్ స్పీడ్‌వే ఆఫ్ నేషన్స్ (దేశాల జట్ల ప్రపంచ పోటీ) గెలిచింది ఆ ట్రాక్ మీదే.

డబ్బు లేకపోతే చేతులు ఇవ్వండి

రేసు రోజున పని చేసేవాళ్లలో చాలామంది ఆట మీద ఇష్టంతో వచ్చినవాళ్లే, వాళ్ల వయసు పైబడుతోంది. పాత స్టాఫ్ తప్పుకుంటే వాళ్ల చోటికి ఎవరొస్తారన్నది డబ్బు సమస్య కన్నా ఏం తక్కువది కాదు. ట్రాక్ పనే తీసుకోండి. నలుగురు నాలుగు ల్యాపులు తిరిగేసరికి షేల్ అంతా బయటి కంచె వైపుకి నెట్టుకుపోతుంది, లోపలి గీత దగ్గర నేల నున్నగా గట్టిపడుతుంది. హీట్‌కీ హీట్‌కీ మధ్య రేక్ (మట్టి సర్దే పళ్ల కర్ర) పట్టుకున్నవాళ్లు మలుపుల దగ్గర ఏర్పడ్డ గుంతలు పూడుస్తారు, మధ్యమధ్యలో ట్రాక్టర్ తిప్పి షేల్‌ని మళ్లీ లోపలికి లాగుతారు, ట్యాంకర్‌తో నీళ్లు చల్లుతారు. నీళ్లు తక్కువైతే దుమ్ము, ఎక్కువైతే బురద, రెండూ రైడర్‌కి ప్రమాదమే. ఈ లెక్క ఏ కాగితం మీదా రాసి ఉండదు. పాతవాళ్లు వెళ్లిపోకముందే ఒకళ్లిద్దరు పక్కన నిలబడి నేర్చుకోవాలి.

గడ్డపార పట్టడం మీ వల్ల కాకపోతే కారు పార్కింగ్, గేటు, టికెట్ లెక్కలు, ఫొటోలు, వైరింగ్, కంచె పలకలకి రంగు, ఏదైనా ఉంటుంది. "ఏమైనా సాయం కావాలా" అని అడిగితే ప్రమోటర్ నీళ్లు నములుతాడు, ఆయనకి అప్పటికప్పుడు ఏం చెప్పాలో తోచదు. "నేను ఎలక్ట్రీషియన్‌ని, నెలకి రెండు శనివారాలు రాగలను" అని చెప్పి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

సపోర్టర్స్ క్లబ్‌ని కంపెనీకి వేరుగా ఉంచండి

స్పీడ్‌వే క్లబ్ అంటే మామూలుగా ప్రమోటర్ నడిపే ప్రైవేటు వ్యాపారం. సపోర్టర్స్ క్లబ్ దానికి విడిగా, తన సొంత నియమాలతో, ఇద్దరు సంతకం పెడితే తప్ప డబ్బు కదలని బ్యాంకు ఖాతాతో ఉండాలి. వసూలైన డబ్బుని నగదుగా ఇచ్చేయడం కన్నా వస్తువు కొనిపెట్టడం మంచిదని నా అభిప్రాయం. ఎయిర్ ఫెన్స్ (రైడర్ గుద్దుకున్నా దెబ్బ తగలకుండా పెట్టే గాలి కంచె) ముక్కలో, ట్రాక్టర్ సామానో, జూనియర్ కుర్రాళ్లకి టైర్లో కొని, అది సపోర్టర్స్ క్లబ్ ఆస్తి, వాడుకోవడానికి ఇచ్చాం అని కాగితం రాసుకోండి. రేపు కంపెనీ దివాలా తీస్తే మీరు ఇచ్చిన నగదు అప్పులవాళ్ల లెక్కలో కలిసిపోతుంది, కాగితం సరిగ్గా ఉంటే వస్తువు మాత్రం మీదే. స్నేహంగా ఉన్నప్పుడే రాసుకోవాలి, గొడవయ్యాక ఎవరూ సంతకం పెట్టరు.

రాఫిల్ అయితే అదే రోజు, అక్కడే మంచి పని కోసం టికెట్లు అమ్ముకుంటే లైసెన్స్ అక్కర్లేదు. వారాల తరబడి బయట టికెట్లు అమ్మాలంటే మాత్రం చిన్న సొసైటీ లాటరీగా లోకల్ కౌన్సిల్ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి, వచ్చిన దాంట్లో కనీసం 20 శాతం ఆ ఆశయానికే పోవాలి.

రైడర్ల సంగతి కూడా. వాళ్లు జీతగాళ్లు కాదు, స్వయం ఉపాధి. బైకులు, ఇంజన్ సర్వీసింగ్, వ్యాను, డీజిల్ అన్నీ వాళ్ల జేబులోంచే. ఎముక విరిగితే సంపాదన ఆగిపోతుంది. పది మంది కలిసి ఒక రిజర్వ్ రైడర్‌కి సీజన్ టైర్ల ఖర్చులో కొంత భరించినా అతనికి పెద్ద ఊరటే. స్పీడ్‌వే రైడర్స్ బెనెవొలెంట్ ఫండ్ బకెట్ ముందుకొస్తే తప్పించుకోకండి, గాయపడ్డవాళ్లకి సాయం చేసేది అదే.

నేల విషయం, అసలు కథ ఇక్కడే

స్టేడియం అమ్మేశారని పేపర్లో చూశాక పరిగెత్తడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అంతా బాగున్నప్పుడే ఒక మనిషికి ఈ పని అప్పజెప్పండి: కౌన్సిల్ వాళ్ల ప్లానింగ్ దరఖాస్తుల జాబితా వారం వారం చూడటం, లోకల్ ప్లాన్‌లో (ఏ నేల దేనికి వాడాలో కౌన్సిల్ వేసే పటంలో) మీ స్టేడియం చుట్టుపక్కల నేలకి ఏ రంగు వేశారో గమనించడం. లీజు ఎప్పుడు ముగుస్తుందో ప్రమోటర్‌ని అడిగి తెలుసుకోవడం.

ఇంగ్లండ్‌లో 2011 లోకలిజం చట్టం కింద స్టేడియాన్ని స్థానికులకి విలువైన ఆస్తిగా గుర్తించమని కౌన్సిల్‌ని కోరవచ్చు. కనీసం 21 మంది స్థానిక ఓటర్లున్న గుంపు చాలు, పెద్ద సంస్థ అక్కర్లేదు. గుర్తింపు వస్తే 5 ఏళ్లు ఉంటుంది, ఆ లోపు యజమాని అమ్మాలనుకుంటే కౌన్సిల్‌కి చెప్పాలి, కొనడానికి స్థానికులు ముందుకొస్తే 6 నెలల వరకు వేరేవాళ్లకి అమ్మకం ఆగుతుంది. మీకే అమ్మాలని రూలేం లేదు, మీకు కొంత టైం దొరుకుతుంది, అంతే. దరఖాస్తు పెట్టే ముందు కౌన్సిల్ సైట్‌లో ఇప్పటి గడువులు చూసుకోండి, నియమాలు మారుతుంటాయి.

స్టేడియం స్థలంలో ఇళ్లు కట్టే ప్లాన్ వచ్చేస్తే అభ్యంతరాలు రాయండి, ఎవరి మాటల్లో వాళ్లు. ఒకే లేఖని వెయ్యి మంది కాపీ కొడితే దానికి బరువుండదు. "చిన్నప్పటి నుంచి వస్తున్నాను" అన్నది కౌన్సిల్‌కి పెద్దగా పనికిరాదు. జాతీయ ప్లానింగ్ విధానం ప్రకారం క్రీడా స్థలంలో కట్టాలంటే అది అవసరం లేదని తేలాలి, లేదా అంతకు తగ్గని చోటు ఇంకోటి ఇవ్వాలి. మీ లేఖ ఆ పాయింట్ మీద నిలబడాలి. బ్రాండన్‌లో ఇళ్లు కట్టే ప్లాన్‌ని 2022లో రగ్బీ బరో కౌన్సిల్ తిరస్కరించింది, దాని వెనక అభిమానుల ఏళ్ల పోరాటం ఉంది. అయినా బైకులు తిరిగి రాలేదు, అప్పటికే స్టేడియం పాడుబడిపోయింది. ఖాళీ పడకముందే అడ్డుకోవాలనేది అందుకే.

శబ్దం గురించి ఒక హెచ్చరిక. "మేం ముందు నుంచీ ఉన్నాం, ఇల్లు కొన్నవాడిదే తప్పు" అని అభిమానులు ధీమాగా అంటుంటారు. సఫోక్‌లోని మిల్డెన్‌హాల్ స్టేడియం కేసులో 2014లో సుప్రీంకోర్టు ఆ వాదన చెల్లదంది, ఇల్లు తర్వాత కొన్నా శబ్దం మీద కేసు వేయొచ్చు, ప్లానింగ్ పర్మిషన్ ఉన్నంత మాత్రాన తప్పించుకోలేరు. అందుకని ప్రతి మీటింగ్ ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగిసిందో రాసి పెట్టండి, ప్రాక్టీసు వేళలు పొరుగువాళ్లకి ముందే చెప్పండి, ఫిర్యాదుకి ఒక ఫోన్ నంబర్ ఇచ్చి అది ఎత్తే మనిషిని పెట్టండి. పక్కన కొత్త ఇళ్లు వస్తుంటే శబ్దం లోపలికి రాకుండా చూసుకోవాల్సింది కట్టేవాళ్లేనని ప్లానింగ్ దశలోనే పట్టుబట్టండి. ఇళ్లు నిండాక ఆ మాట ఎవరూ వినరు.

అన్నీ చేసినా మూతపడితే

అవుతుంది, ఒక్కోసారి. కానీ లెస్టర్‌లో 1983లో బ్లాక్‌బర్డ్ రోడ్ స్టేడియం పోయాక 2011లో బోమాంట్ పార్క్‌లో కొత్త ట్రాక్ వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ స్టేడియం 2012లో మూతపడి 2022లో తెరుచుకుంది, స్పీడ్‌వే కూడా తిరిగొచ్చింది. అన్నేళ్లు ఆగాల్సి రావచ్చు కాబట్టి సపోర్టర్స్ క్లబ్‌ని రద్దు చేయకండి. సభ్యుల ఈమెయిళ్లు, ట్రోఫీలు, పాత ప్రోగ్రాములు ఎవరి దగ్గర ఉన్నాయో రాసి రెండు చోట్ల పెట్టండి. మీ రంగులేసుకుని దగ్గర్లో ఉన్న ఇంకో ట్రాక్‌కి గుంపుగా వెళ్లండి, పాత శత్రుత్వం పక్కన పెట్టి, ఎందుకంటే వాళ్లకీ గేటు దగ్గర జనం కావాలి. ఏడాదికి ఒక మీటింగ్ పెట్టి మినిట్స్ రాయండి. బ్యాంకు ఖాతాలో మాత్రం అప్పుడప్పుడూ ఒక లావాదేవీ ఉండేలా చూసుకోండి, లేకపోతే వాడకం లేదని బ్యాంకువాళ్లు దాన్ని నిద్రపుచ్చుతారు, మళ్లీ తెరిపించడానికి సంతకాలు పెట్టాల్సిన పాత కమిటీ వాళ్లని వెతుక్కుంటూ తిరగాలి.