కుక్క ఎక్కువ కాలం బతకాలంటే ముందు పక్కటెముకలు తడిమి చూడండి

కుక్క ఎన్నేళ్లు బతుకుతుందనేది చాలావరకు జాతిని బట్టే ఉంటుంది. గ్రేట్ డేన్ లాంటి భారీ కుక్కలు 8-10 ఏళ్లు, ల్యాబ్రడార్లు 11-13, పొమేరియన్ లాంటి చిన్నవి 12-16 ఏళ్లు, సుమారుగా అదీ లెక్క. జాతిని మనం మార్చలేం, తిండి గిన్నె మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంటుంది, మనవాళ్లు ముద్దు చేసి చెడగొట్టేదీ అక్కడే.

కుక్కల తిండి తయారుచేసే ప్యూరినా కంపెనీ 48 ల్యాబ్రడార్లను ఏళ్ల తరబడి గమనించి 2002లో ఫలితాలు ప్రచురించింది. ఒకే ఈత పిల్లల్ని జతలు చేసి, ఒకదానికి రెండోదానికన్నా 25 శాతం తక్కువ పెడుతూ వచ్చారు. తక్కువ తిన్నవి సుమారు 13 ఏళ్లు బతికితే, రెండోవి 11 ఏళ్ల చిల్లర బతికాయి, కీళ్ల జబ్బు కూడా తక్కువ తిన్నవాటికి ఆలస్యంగా వచ్చింది. ఏ టానిక్కూ అంత మేలు చేయదు.

మీ కుక్క లావో కాదో ఇలా చూడండి. ఒక అరచేతిని చాపి బోర్లించి, వెనకవైపు కణుపుల మీద రెండో చేతి వేళ్లు ఆడించండి, పక్కటెముకలు అలా తగిలితే బరువు సరిగ్గా ఉన్నట్టు. పిడికిలి బిగించినప్పటి కణుపుల్లా పొడుచుకొస్తే బక్కది, అరచేతి లోపలి మెత్తదనమే తగిలితే లావు. లావైతే ఒక గ్లాసు కొలత పెట్టుకుని, రోజూ అంతే పెట్టండి, ఇంట్లో తలా ఓ బిస్కెట్ వేయడం ఆపండి (తాతగారిని ఒప్పించడమే అసలు కష్టం). ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలు, ద్రాక్ష, పాయసంలో కిస్మిస్, చాక్లెట్, బిర్యానీ ఎముకలు అసలు వద్దు.

తర్వాత గోమార్లు, అదేనండీ పిడుదులు. చెవి మడతల్లో, వేళ్ల సందుల్లో, తోక కింద రోజూ వెతకండి. దొరికితే నలపకుండా, ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి. ఇవి గోడ పగుళ్లలోకి వెళ్లి వేల గుడ్లు పెడతాయి కాబట్టి ఒక్క కుక్కకి మందు వేస్తే సరిపోదు, అది పడుకునే చోటు కూడా శుభ్రం చేయాలి. తిండి మానేసి, జ్వరం వచ్చి, చిగుళ్లు పాలిపోతే టిక్ ఫీవర్ (పిడుదుల వల్ల వచ్చే జబ్బు) కావచ్చు, వెంటనే రక్తపరీక్ష చేయించండి. ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రం వేయకండి, కుక్కలకి అవి విషం.

టీకాలు ఏటా డాక్టర్ చెప్పినట్టు వేయించండి. ఆడకుక్కకి పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్ చేయించడం మేలు, లేకపోతే వయసు మీదపడ్డాక గర్భసంచిలో చీము పట్టి ప్రాణం మీదకి రావచ్చు. పళ్లకి కుక్కల పేస్టే వాడాలి, మనది కాదు. ఎండాకాలం వాకింగ్ ఉదయం ఏడులోపే, రోడ్డు మీద అరచెయ్యి ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాన్నీ నడిపించొద్దు.

ఏడేళ్లు దాటాక ఏటా రక్తపరీక్ష చేయిస్తుండండి, ఈలోపు ఉన్నట్టుండి నీళ్లు ఎక్కువ తాగుతూ మాటిమాటికీ మూత్రం పోస్తుంటే వేసవి కదా అని వదిలేయకండి, కిడ్నీ జబ్బో, షుగరో తేల్చుకోవాలి.