హైవే మీద 80లో పోతుంటే బండి మిస్సింగ్ కొడ్తుందా? పార్టులు మార్చే ముందు ఇట్ల పట్టుకోండ్రి

పోయిన వానాకాలం మా బావ బండితోని మస్తు తిప్పలైంది. నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు, హన్మకొండల తిరిగినన్ని రోజులు ఏ ఇబ్బంది లేదు, కాజీపేట దాటి హైదరాబాద్ రోడ్డెక్కి ఐదో గేర్ల 80 పట్టుకుంటే చాలు, ఎవరో ఎనుక నుంచి ఆగి ఆగి గుంజినట్టు జర్కులు, ఘన్‌పూర్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంకా ఎక్కువ. షెడ్డుల చూపిస్తే నిలవెట్టి రేస్ ఇచ్చిండ్రు, ఇంజన్ మంచిగనే ఉంది, అయినా త్రాటిల్ బాడీ క్లీన్ చేసిండ్రు, ప్లగ్గులు మార్చిండ్రు, పైసలు పోయినయి గానీ జర్క్ పోలే, ఇగ ఫ్యూయల్ పంపే పోయిందన్నరు. అప్పుడు నేను ఆగమన్న. రోడ్డు మీద వచ్చే రోగాన్ని షెడ్డుల నిలవెట్టి చూస్తే దొరకదు, అది ఏడ వస్తదో ఆడికే పోయి పట్టుకోవాలె.

ముందుగాల అసలు ఊగేది ఇంజనా, టైర్లా తేల్చుకోండ్రి. రోడ్డు ఖాళీగ ఉన్న కాడ 80లో పోతూ ఐదు నుంచి నాలుగో గేరుకు మార్చుండ్రి, స్పీడ్ అదే ఉంచుండ్రి. ఆర్పీఎం పెరుగుతది కదా, దాంతోని వణుకు మారినా పోయినా అది ఇంజన్ దిక్కుది. ఏం మారకుంట స్పీడుతోనే వస్తుంటే వీల్ బ్యాలెన్సింగ్, టైర్ ఉబ్బడం, రిమ్ము వంగడం, వీటిని చూస్కోవాలె. స్టీరింగ్ ఒక్కటే వణుకుతుంటే ఎక్కువసార్లు ముందు చక్రాలే.

ఇంజనే అని తేలితే ఈ ముచ్చట అర్థం చేస్కోండ్రి, మిగతాదంతా దీని మీదనే ఉంది. ఐడిల్‌ల, అంటే యాక్సిలరేటర్ తొక్కకుంట ఇంజన్ ఉత్తగ తిరిగేటప్పుడు, సిలిండర్లకు గాలి చాలా తక్కువ పోతది, లోపల ప్రెషర్ తక్కువ, కాబట్టి నీరసంగ ఉన్న కాయిల్ (ప్లగ్గుకు ఎక్కువ వోల్టేజ్ ఇచ్చే పార్టు) కూడా స్పార్క్ ఇచ్చేస్తది. అదే పై గేర్ల తక్కువ ఆర్పీఎం మీద యాక్సిలరేటర్ తొక్కితే సిలిండర్ నిండ గాలి దిగుతది, ఆ ప్రెషర్‌ల ప్లగ్ కొనల నడుమ స్పార్క్ దుంకాలంటే చాలా ఎక్కువ వోల్టేజ్ కావాలె, ప్లగ్ గ్యాప్ అరిగి పెద్దగైతే ఇంకా ఎక్కువ కావాలె, కాయిల్ అక్కడ చేతులెత్తేస్తది. పెట్రోల్ సంగతి గూడ ఇంతే, సగం జామైన ఫిల్టర్ ఐడిల్‌కు సరిపోయేంత ఇస్తది, హైవేకి సరిపోయేంత ఇయ్యదు.

ఇప్పుడు ఓబీడీ స్కానర్ కొనుండ్రి, ఫోన్‌కు బ్లూటూత్‌తోని కలిసి, బండి కంప్యూటర్ల పడ్డ తప్పుల కోడ్లు చూపెట్టే చిన్న డబ్బా, ప్లగ్గుల సెట్టు కన్నా ఎక్కువేం కాదు. స్టీరింగ్ కింద సాకెట్ ఉంటది, దాంట్ల పెట్టుండ్రి. డ్రైవింగ్ ఒకలు చెయ్యాలె, ఫోన్ పక్క సీటుల ఉన్నోళ్లు చూడాలె, ఒక్కలే రెండు పనులు చెయ్యొద్దు. పీ0300 వస్తే మిస్‌ఫైర్ (సిలిండర్ల పెట్రోల్ సరిగ మండకపోవుడు) ఒక్క దాంట్లనే అని కాకుంట అటిటు అన్నిట్ల వస్తుందని, పీ0301 నుంచి పీ0304 దాక ఏది వస్తే ఆ చివరి అంకె సిలిండర్‌ల వస్తుందని. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఒకటుంటది, తప్పు జరిగిన క్షణంల స్పీడ్ ఎంత, ఆర్పీఎం ఎంత, లోడ్ ఎంత అన్నీ అండ్లనే రాసి ఉంటయి, అది చదవకుంట కోడ్ చెరిపెయ్యకుండ్రి, మాకు షెడ్డుల చేసింది గదే, స్కానర్ పెట్టంగనే చెరిపేసిండ్రు.

చెక్ ఇంజన్ లైట్ కొట్టుకుంట ఉంటే, అంటే ఆగకుంట వెలుగుడు ఆరుడు చేస్తుంటే, ఇగ గుంజకుండ్రి. కాలని పెట్రోల్ సైలెన్సర్ దిక్కు పోయి క్యాటలిటిక్ కన్వర్టర్ల (పొగను శుద్ధి చేసే డబ్బాల) మండుతది, అది కరిగిందంటే ఖర్చు కాయిల్‌కు ఎన్నో రెట్లు.

కోడ్ ఒక్క సిలిండర్‌నే చూపిస్తే కాయిల్ మార్పిడి చేసి చూడుండ్రి, రూపాయి ఖర్చు లేదు. పీ0302 వచ్చిందనుకోండ్రి, ఇంజన్ పూర్తిగ సల్లారినంక రెండో కాయిల్ మూడో దాంట్ల, మూడోది రెండో దాంట్ల పెట్టుండ్రి. కనెక్టర్ లాకు పాత బండ్లల పెళుసుగ ఉంటది, గుంజితే ఇర్గుతది, నిమ్మలంగ తియ్యాలె. కోడ్ చెరిపి మళ్ల అదే రోడ్డుకు అదే గేర్ల పోండ్రి. పీ0302 కాస్త పీ0303 అయితే కాయిల్‌దే తప్పు. మారకుంటే ప్లగ్గును అట్లనే మార్చి చూడుండ్రి, అప్పటికీ మారకుంటే ఆ సిలిండర్ ఇంజెక్టర్, వైరింగ్, చివరికి కంప్రెషన్. పొలాల పక్క పార్క్ చేసేటోళ్లు వైరింగ్‌ను ఎలుకలు కొరికినయా అని కూడా చూడాలె.

కాయిల్ తీసినప్పుడు ప్లగ్ గుంతల టార్చ్ కొట్టి చూడుండ్రి, మా కాడ దొరికింది అక్కడనే. ట్యాపెట్ కవర్ (ఇంజన్ మీది మూత) ప్యాకింగ్ పోయి గుంతల ఆయిల్ నిండింది, కాయిల్ రబ్బర్ మెత్తబడి దాని పక్కన సన్నటి నల్ల గీత పడ్డది. కరెంట్ ప్లగ్ కొన దాక పోకుంట ఆ గీత పట్టుకొని ఇంజన్‌కు దిగిపోతుంది. కొత్త ప్లగ్గులు ఏసేటప్పుడు ఆ ఆయిల్ చూసి గూడ ఎవ్వలు చెప్పలే, అదే నాకు బాధ.

కోడ్ ఏ సిలిండర్ అని చెప్పకపోతే స్కానర్ల ఫ్యూయల్ ట్రిమ్ చూడాలె, అంటే బండి కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతుందో (ప్లస్), తగ్గిస్తుందో (మైనస్) చెప్పే అంకె, షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ రెండు కలపాలె. అటిటు పది శాతం లోపల ఉంటే పర్వాలేదు. ఐడిల్‌ల ప్లస్ ఇరవై ఉండి 2500 ఆర్పీఎంకి తగ్గిపోతే ఎక్కడో వ్యాక్యూమ్ పైపు పగిలి గాలి గుంజుతుంది. ఐడిల్‌ల మంచిగ ఉండి హైవే మీద ప్లస్‌ల పైకి పోతుంటే పెట్రోల్ అందుతలేదు, అప్పుడు ఫిల్టర్, పంపు, గాలిని కొలిచే సెన్సర్. ఫ్యూయల్ పంపు మారుస్తమంటే ముందు ప్రెషర్ గేజ్ పెట్టి అంకె చూపియ్యమని అడగాలె, మీ బండి మాన్యువల్ అంకెతో కలిపి చూస్కోండ్రి. పైపు మాత్రం మీరు ఊడదియ్యకుండ్రి, లోపల పెట్రోల్ ప్రెషర్‌తో ఉంటది.

ట్యాంక్ నింపినంకనే రోగం మొదలైతే పెట్రోల్ మీద కూడా అనుమానం పెట్టుకోవాలె. కొంచెం గాజు సీసాల పట్టి ఒక రాత్రి కదపకుంట ఉంచుండ్రి, కింద వేరే పొర కనబడ్డా మబ్బుగ ఉన్నా నీళ్లు కలిసినట్టు. ఇథనాల్ కలిసిన పెట్రోల్ నీటిని పీలుస్తది, నీళ్లు ఎక్కువైతే ఇథనాల్ నీళ్లు కలిసి అడుక్కు దిగుతయి, పంపు తాగేది అడుగు నుంచే.

మా బావ బండికి ఒక కాయిల్, ఒక ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ ఏసినం, గుంతలన్ని తుడిచి ఆరబెట్టినం. కోడ్ చెరిపి అదే రోడ్డు మీద జనగామ దాక పోయొచ్చినం, ఐదో గేర్, 80, ఘన్‌పూర్ ఫ్లైఓవర్ మీద కావాలని గట్టిగ తొక్కినం. జర్క్ లేదు, ఇంటికొచ్చి స్కాన్ చేస్తే పెండింగ్‌ల (ఇంకా లైట్ వెలగని తప్పుల లిస్టుల) కూడా ఏ కోడూ లేదు.