క్యాన్సర్ కాదని గుండెలో కణితిని వాయిదా వేయకండి

పోయిన వారం మా వార్డుకు ఒకాయనను స్ట్రెచర్ మీద తెచ్చారు. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి, మాట లేదు. నెల క్రితమే ఎకోలో, అంటే గుండె స్కానింగ్‌లో, మిక్సోమా అనే గుండె కణితి బయటపడింది, వెంటనే తీయించుకోమన్నారు. "క్యాన్సర్ కాదన్నారు కదా, పిల్లల పరీక్షలయ్యాక చూద్దాంలే" అనుకున్నారు ఇంట్లోవాళ్లు.

ఈ ఒక్క మాట నమ్మి నష్టపోయినవాళ్లను చాలామందిని చూశాను.

పెద్దవాళ్లలో గుండెలోనే పుట్టే కణితుల్లో మిక్సోమాయే ఎక్కువ. నాలుగింట మూడు వంతులు ఎడమ పై గదిలో వస్తాయి, గోడకు తొడిమతో వేలాడుతుంటాయి. ఆపరేషన్‌లో తీసి ట్రేలో పెడితే చాలావరకు జెల్లీలా వణుకుతాయి. పట్టకారులాంటి ఫోర్సెప్స్ తగిలితే చాలు, తునక ఊడొస్తుంది. అదే తునక గుండె లోపల ఊడితే రక్తంతో పాటు మెదడుకు పోయి పక్షవాతం తేవచ్చు. కణితి పెద్దదైతే ఎడమ పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ కవాటానికి అడ్డుపడి మనిషి ఉన్నచోటే కూలిపోవచ్చు. క్యాన్సర్ కాదంటే ప్రమాదం లేదని కాదు.

రక్తం పలచబడే మందు వేసుకుంటున్నామని ధైర్యపడొద్దు. కణితి తునక ఊడకుండా ఆ మందు ఆపలేదు.

ఆపరేషన్ కొత్తదేమీ కాదు, 1954లో స్వీడన్‌లో క్లారెన్స్ క్రఫూర్డ్ మొదటిసారి విజయవంతంగా చేశారు. తొడిమను, అది అంటుకున్న గోడ ముక్కతో సహా తీసేస్తారు. పసిపిల్లల్లో వచ్చే రాబ్డోమయోమా అనే గుండె కణితి సంగతి వేరు, అది చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది, అందుకే డాక్టరు ఆగమనవచ్చు. మిక్సోమాకు ఆ వెసులుబాటు లేదు.

ఆపరేషన్ తేదీ వచ్చేదాకా ఒంటరిగా బండి నడపొద్దు. పడుకున్నా, పక్కకు తిరిగినా ఆయాసం వస్తే, కళ్లు తిరిగితే ఆ రోజే చెప్పండి. మూతి వంకరపోయినా, మాట తడబడినా ఒక్క నిమిషం ఆగొద్దు, ఎకో రిపోర్టు చేత్తో పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తండి. ఏ మందూ మీ అంతట మీరు ఆపొద్దు. సిగరెట్ మానేయండి. ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి కణితి ఉంటే దాచొద్దు, వంశపారంపర్యంగా వచ్చే రకం మళ్లీ మళ్లీ పుడుతుంది. ఆపరేషనయ్యాక డాక్టరు సరేననేదాకా బరువులెత్తొద్దు, కోసిన రొమ్ము ఎముక అతకడానికి కొన్ని వారాలు పడుతుంది. దగ్గేటప్పుడు దిండు ఛాతీకి అదుముకోండి. గుండె దడదడలాడినా, జ్వరమొచ్చినా, కుట్ల దగ్గర చీము కనిపించినా ఫోన్ చేయండి. ఏళ్లు గడిచినా ఎకోకు వెళ్లడం మానొద్దు. తేదీ ఇస్తే మార్చమని అడగొద్దు.